రేకుబొమ్మ పద్యానికి టీకా తాత్పర్యం

మూలం (ఆటవెలది)

కొండలెత్తువాడు కొండంత బలశాలి
తేలికైన గడియ దీయలేడె!
మొదటి భాగమందు ముల్లోకముల నేలి
రెంట మాత్రమతడు రేకుబొమ్మ!

అవతారిక: పద్యకర్త ఎవరో తెలియదు. సూళ్లూరుపేటలో వందడుగుల తెర ముందు కూర్చున్న ప్రేక్షకుడెవరో విశ్రాంతి వేళ ఆశువుగా చెప్పి, సమోసా కోసం లేచి వెళ్ళిపోయాడని మా ఊహ. ఆ హాలు 2019 ఆగస్టులో 'సాహో'తో తెరుచుకుంది గనుక పద్యం అంతకు ముందుది కాజాలదు. కాలనిర్ణయం ఇంత సులభంగా తేలినా దేశనిర్ణయం దగ్గర చిక్కుంది. హాలు తెరిచిన నాడు సూళ్లూరుపేట నెల్లూరు జిల్లాలో ఉంది. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలోకి పోయింది. ఊరు కదల్లేదు, తెర కదల్లేదు, పక్కనే పులికాటు సరస్సు కూడా ఉన్నచోటనే ఉంది. కవి మాత్రం ఏ జిల్లావాడో తెలియకుండా పోయాడు. మేం నెల్లూరు పక్షం.

ప్రతిపదార్థం: కొండలు = పర్వతములను (బహువచనం గమనించాలి. ఒక్క కొండైతే ఆంజనేయుడు, పలు కొండలైతే గ్రాఫిక్సు); ఎత్తువాడు = పైకి లేపువాడు; కొండంత బలశాలి = ఒక కొండతో సమానమైన బలము గలవాడు (ఎత్తేది కొండలను, బలం ఒక్క కొండంత! కథానాయకుడి లెక్క మొదటి పాదంలోనే తప్పింది. ఇది కవి పొరపాటు కాదు, రాబోయే కథకు సూచన); తేలికైన = బరువు లేని; గడియన్ = తలుపు గడియను; తీయలేడె = తీయజాలడే (ఈ ఏకారం ఆశ్చర్యార్థకం. టికెట్టు, పార్కింగు, పాప్‌కార్ను మూడూ కొన్నవారికి ఆక్రోశార్థకం); మొదటి భాగమందు = పార్ట్ వన్‌లో; ముల్లోకములన్ = స్వర్గ మర్త్య పాతాళములను (నైజాం, సీడెడ్, ఆంధ్ర అని వ్యాపార సంప్రదాయం. నెల్లూరు ఏరియా వసూళ్ళు విడిగా రాస్తారు గనుక నాలుగో లోకం కూడా ఉందని మాకు గర్వం); ఏలి = పాలించి; రెంటన్ = రెండవ భాగములో; మాత్రము = అయితే; అతడు = ఆ వీరుడే; రేకుబొమ్మ = తిరునాళ్ళలో అమ్మే, కీ ఇస్తే నాలుగడుగులు వేసి పడిపోయే బొమ్మ.

తాత్పర్యం: మొదటి సినిమాలో కొండలెత్తినవాడు రెండో సినిమాలో తలుపు తీయలేక లోపల చిక్కుకున్నాడు. విలన్ తప్పించుకోవాలి గనుక.

శ్లేష: గడియ అంటే ఇరవైనాలుగు నిమిషాలు కూడా. అప్పుడు 'కొండలెత్తువాడు' దర్శకుడవుతాడు. వందల కోట్లు పెట్టి తెర మీద కొండలు లేపగలిగినవాడు, తన మొదటి భాగంలో తానే ఏం చెప్పాడో చూసుకోవడానికి ఒక్క గడియ తీయలేకపోయాడని అర్థం. కవికి ఈ రెండో అర్థమే ఇష్టమని మా అభిప్రాయం. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేసిన కోలాచల మల్లినాథసూరి ఇక్కడ మమ్మల్ని క్షమించుగాక.

అలంకారం: విశేషోక్తి. కారణం నిండుగా ఉండి కూడా కార్యం జరగకపోతే విశేషోక్తి. బలం ఉంది, గడియ రాలేదు. ఎందుకు రాలేదన్న నిమిత్తాన్ని బట్టి మమ్మటుడు దీన్ని మూడు రకాలు చేశాడు. నిమిత్తం చెప్పినది ఉక్తనిమిత్త, చెప్పనిది అనుక్తనిమిత్త, ఊహకే అందనిది అచింత్యనిమిత్త. కాశ్మీర పండితుడికి మార్వెల్ సినిమాల సంగతి అన్ని వందల ఏళ్ళ ముందే ఎలా తెలిసిందో అర్థం కాదు.

ఉక్తనిమిత్తకు ఉదాహరణ కోసం నెల్లూరు దాటనక్కర్లేదు. పెన్న ఒడ్డున తిక్కన మహాభారతాన్ని విరాటపర్వంతో మొదలుపెట్టి పదిహేను పర్వాలు పూర్తిచేశాడు. ఆ మొదటి పర్వంలోనే అర్జునుడు ఉత్తరుణ్ణి సారథిగా పెట్టుకుని, ఒక్కడే కౌరవసేననంతా తిప్పికొట్టి ఆవుల్ని మళ్ళించాడు. ఎదురుగా ఉన్నది భీష్ముడు, ద్రోణుడు, కర్ణుడు. చివరికొచ్చేసరికి, మౌసలపర్వంలో, అదే అర్జునుడు ద్వారక స్త్రీలను వెంటబెట్టుకుని వస్తుంటే కర్రలు పట్టుకున్న దొంగలు అడ్డగించారు. గాండీవం ఎక్కుపెట్టడమే కష్టమైంది. అస్త్రాలు గుర్తుకు రాలేదు. కళ్ళెదుటే దోచుకుపోయారు. కొండలెత్తినవాడు గడియ తీయలేకపోవడమంటే ఇదే. దీన్ని చదివి ఎవరూ 'కంటిన్యుటీ దెబ్బతింది' అనలేదు. అంతకు ముందే కృష్ణుడు వెళ్ళిపోయాడు. అర్జునుడి శక్తి ఎవరిదో కథ మొదటినుంచీ చెబుతూనే ఉంది, అది పోయిన రోజున ఎందుకు పోయిందో కూడా చెప్పింది. ఒకే కవి చేతిలో ఆ ఎత్తూ ఈ పతనమూ రెండూ పడ్డాయి. రెండిటికీ మధ్య ముడి విడలేదు.

కర్ణుడి సంగతీ అంతే. ఇంద్రుడిచ్చిన శక్తి ఒక్కసారికే పనికొస్తుందని ముందే షరతు. అది ఘటోత్కచుడి మీద ఖర్చయిపోయింది. ఆ ఘటోత్కచుడు అంత విజృంభించడానికి కారణం యుద్ధం రాత్రి జరగడం, రాత్రివేళ రాక్షసుల బలం పెరగడం. కర్ణుడికి చివర్లో అస్త్రం గుర్తు రాకపోతే దానికి పరశురాముడి శాపం. అవసరానికి ముంచే శక్తి ఉంటే ఉండనీ, రసీదు ఉండాలి.

మన సినిమాల్లోనూ రసీదు దాచుకున్నవారున్నారు. 2024 సంక్రాంతికి వచ్చిన 'హనుమాన్'లో అంజనాద్రి కుర్రాడి బలం మణిలో ఉంది, ఆ మణికి పగటి వెలుగు కావాలి. పొద్దు వాలితే వాడు మామూలు మనిషి. ఈ ఒక్క నియమంతోనే సగం కథ నడిచింది. 'ఈగ' (2012) ఇంకా ముందుకు వెళ్ళింది. ఈగకు ఉన్న బలం ఈగకున్నంతే. సుదీప్ అంతటివాడిని నిద్రపోనివ్వదు గాని లేపి అవతల పారేయదు. అంతకు చాలా ముందు, 1980లో, ఎన్.టి. రామారావు 'సూపర్‌మ్యాన్' అయినప్పుడు ఆ బలం ఆంజనేయుడిదని కథే చెప్పింది. ఎగరడానికి ఒక దేవుడి పూచీకత్తు ఉందన్నమాట.

ఈ తీరంలో ఎగరడం గురించి తేలిగ్గా మాట్లాడితే ఊరుకోరు. శ్రీహరికోటలో పీఎస్‌ఎల్‌వీ పెద్ద రూపంలో లేవాలంటే నేలమీద 320 టన్నుల బరువు. అందులో అత్యధిక భాగం ఇంధనమే. పైకి చేరేది ఒకటిన్నర టన్నో, రెండు టన్నులో. మనవాడు పిడికిలి ముందుకు చాచి లేస్తాడు. ఎక్కడ ఇంధనం, ఎక్కడ మంట? కారణం లేకుండా కార్యం పుట్టడం విభావనాలంకారం, ఇది విశేషోక్తికి అక్క. సరే, ఎగరనీ. ఎగరలేకపోయినప్పుడైనా చెప్పాలిగా! 2021 ఆగస్టు 12న జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్10 లేచింది, మొదటి రెండు దశలూ సవ్యంగా నడిచాయి, క్రయోజెనిక్ దశ మండలేదు. దాని గురించి కమిటీ కూర్చుంది. ద్రవ హైడ్రోజన్ ట్యాంకు కవాటంలో లీకు వల్ల ఒత్తిడి చాలలేదని తేల్చింది. పరశురాముడి శాపానికి బదులు కవాటం, అంతే తేడా. ఉక్తనిమిత్తే.

అనుక్తనిమిత్తకు హాలీవుడ్‌లో కొరత లేదు. 'ఇన్ఫినిటీ వార్' (2018)లో ఆరు రాళ్ళూ చేతికున్న థానోస్ గుండెల్లో థోర్ గొడ్డలి దించాడు. మరుసటి ఏడాది 'ఎండ్‌గేమ్'లో రాయి ఒక్కటీ లేని థానోస్ చేతిలో అదే థోర్, పక్కన ఐరన్ మ్యాన్, కెప్టెన్ అమెరికా ఉండగా తన్నులు తిన్నాడు. దర్శకులు నిమిత్తం చెప్పలేదు. అభిమానులు థోర్ పొట్ట చూపిస్తారు. బీరు తాగి అయిదేళ్ళు సాధన మానేశాడని వారి వ్యాఖ్య. వ్యాఖ్యాతలు మూలకర్త కంటే ఎక్కువ కష్టపడడం మా వృత్తిలోనూ ఉన్నదే.

అచింత్యనిమిత్తకు 1978 నాటి 'సూపర్‌మ్యాన్' ఒక్కటి చాలు. ప్రేయసి చనిపోయిందని భూమి చుట్టూ తిరిగి కాలాన్నే వెనక్కి మళ్ళించాడు. అది చేతనైనవాడికి ఆ తర్వాత ఏ కష్టమైనా కష్టమెలా అవుతుందో, రెండో భాగంలో ఆ ఉపాయం ఎందుకు గుర్తు రాలేదో మమ్మటుడే దిగిరావాలి.

పూర్వపక్షం: మైపాడు దారిలో టీ కొట్టు దగ్గర ఈ వ్యాఖ్య వినిపిస్తే వచ్చిన ఆక్షేపం ఇది: "ఏంది సామీ, సినిమాకి లెక్కలేంది? మనోడు ఎగరతా ఉండాడు, కొడతా ఉండాడు, చూసి రావల్ల. ఎట్ట ఎగిరినాడని అడిగితే ఎట్ట?"

సిద్ధాంతం: అడిగినది ఎట్టా ఎగిరాడని కాదు, నిన్న ఎగిరినవాడు ఇవాళ ఎందుకు ఎగరలేదని. ఈ తేడా తీరంలో రొయ్యల గుంటలున్నవారికి వేరే చెప్పక్కర్లేదు. నిన్నటిదాకా గట్టిగా ఉన్న రొయ్య ఇవాళ మెత్తబడితే రైతు దాని 'పాత్ర మారింది' అనుకోడు. అమావాస్యో పున్నమో దగ్గరపడింది, మోల్టింగ్‌లో ఉంది, పాత గుల్ల వదిలి కొత్తది గట్టిపడేదాకా అంతే అంటాడు. ఖనిజాలు చల్లుతాడు, పట్టుబడి రెండు రోజులు వెనక్కి జరుపుతాడు. చెరువులో రొయ్యకున్న క్యాలెండరు వందల కోట్ల వీరుడికి లేకపోతే ఎట్లా?

ఆక్షేపించినాయన కాసేపాగి, "అట్టయితే మన హీరోకి కూడా అమావాస్య పెట్టమను" అన్నాడు. పూర్వపక్షి సిద్ధాంతిని మించిపోవడం శాస్త్రాల్లో అరుదు.

సంధి ప్రకరణం: శక్తి ఒకటి, వరస మరొకటి. పదపదానికీ సంధి కుదిరినట్టు సినిమాకు సినిమా అతకాలి. 'స్పైడర్ మ్యాన్: హోమ్‌కమింగ్' (2017)లో న్యూయార్క్ యుద్ధం ముగిశాక 'ఎనిమిదేళ్ళ తర్వాత' అని తెర మీద పడుతుంది. మిగతా సినిమాల లెక్కన నాలుగేళ్ళే. విడదీస్తే విడదు, కలిపితే కలవదు.

అతకడం ఎలాగో తెలుసుకోవాలంటే మళ్ళీ భారతం దగ్గరికే పోవాలి. నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆపేశాడు. తిక్కన ఆ ఖాళీని ముట్టుకోకుండా విరాటం నుంచి ఎత్తుకున్నాడు. పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన వచ్చి మధ్య భాగం పూరించాడు. తన పేరు వేసుకోలేదు. నన్నయ పేరిటే రాశాడు, నన్నయ కృతిభర్త రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు. శైలిని నన్నయ దగ్గర మొదలుపెట్టి తిక్కన దగ్గరికి మెల్లగా నడిపించాడని పండితుల మాట. మూడు భాగాలకు ముగ్గురు దర్శకులు, మొదటివాడికీ ఆఖరివాడికీ మధ్య దాదాపు మూడు వందల ఏళ్ళు. అయినా అర్జునుడు అర్జునుడిలాగే ఉన్నాడు. అరణ్యంలో ఊర్వశి పెట్టిన శాపం విరాటుడి కొలువులో బృహన్నల వేషానికి సరిగ్గా పనికొచ్చింది. ఈ ఎర్రనది గుడ్లూరు అంటారు. ఆ కందుకూరు ప్రాంతం 1970లో నెల్లూరును వదిలి ప్రకాశంలో కలిసింది, 2022లో తిరిగి నెల్లూరుకొచ్చింది. అంటే కంటిన్యుటీ కాపాడిన కవికి కూడా జిల్లా నిలవలేదు. అయితే ఒకటి: జిల్లా మారిన ప్రతిసారీ గెజిట్ వచ్చింది. ఏ తేదీ నుంచి ఏ మండలం ఎక్కడో రాసి ఉంటుంది.

ప్రక్షిప్త విచారం: గెజిట్ లేనివారు అతికించుకునే పద్ధతి కూడా తెలుసుకోవాలి. 'థోర్' (2011)లో ఓడిన్ ఖజానాలో థానోస్ చేతితొడుగు కనిపిస్తుంది. తర్వాతి సినిమాల్లో అది వేరేచోట కావలసివచ్చింది. ఆరేళ్ళకు 'రాగ్నరాక్'లో హేలా ఆ ఖజానాలోకి నడిచి వచ్చి, తొడుగును చూసి, ఇది నకిలీ అని తోసేసింది. కథలో దొర్లిన తప్పును పాత్ర చేతే తోయించిన ఈ పనికి మేం లేచి నమస్కరించాం. తాళపత్రాల్లో అన్వయించని శ్లోకం కనిపిస్తే మా పెద్దలు చేసినదీ ఇదే. 'ప్రక్షిప్తం' అని పక్కన రాసి ముందుకు సాగిపోవడం.

పాఠాంతరం: ఎగ్జిబిటర్ల నోట నాలుగో పాదం మరోలా వినిపిస్తోంది:

రెంట మాత్రమతని రేటు పెరిగె!

గణాలు సరిపోయాయి, యతీ సరిపోయింది. రేకుబొమ్మ పాఠంలో వీరుడి బలం తగ్గుతుంది, ఈ పాఠంలో పారితోషికం పెరుగుతుంది. రెండు పాఠాలూ ఒకే సినిమా గురించి ఏకకాలంలో నిజం కావచ్చు గనుక ఒకటి తీసేసే అధికారం మాకు లేదు. కాకపోతే మొదటి పాఠం సోమవారం నుంచి వాడుకలోకి వస్తుందనీ, రెండోది కొబ్బరికాయ కొట్టిన రోజునే పుట్టి ఉంటుందనీ పంపిణీ వ్యవహారం తెలిసినవారు అంటారు. ప్రాచీనతను బట్టి పాఠం నిర్ణయించాలంటే రెండోదే మూలం.