డోర్ లాక్: సటీకా తాత్పర్యము

మూలము (మే నెల కరెంటు బిల్లు నుండి): డోర్ లాక్. సగటు. 190 యూనిట్లు.

టీక: డోర్ లాక్ = గేటునకు తాళము వేయబడి యున్నందున; సగటు = గడచిన మూడు మాసముల వాడుకను కూడి మూటితో భాగింపగా వచ్చినట్టి; 190 యూనిట్లు = నూటతొంబది యూనిట్లు; (కాలియుండునని తోచుచున్నది) అని శేషము.

తాత్పర్యము: ఫిబ్రవరిలో 140, మార్చిలో 190, ఏప్రిల్‌లో 240 కాలాయి గనుక, చూడకపోయినా మేలో 190 కాలాయనుకోవచ్చు.

విశేషము: మూలంలో లేనిది రాయనని సంస్కృత కావ్యాల వ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిజ్ఞ పట్టాడు. రీడింగు తీసే మనిషికి ఆ భాగ్యం లేదు. ఆయనకు మూలగ్రంథం మీటరు, అది గేటు లోపలుంది. లేనిదాన్ని ఉన్నవాటి నుంచి పూరించక తప్పదు. పూరించడం తప్పు కాదు, ఏ అండ చూసుకుని పూరించాడన్నదే ప్రశ్న. ఇక్కడ పూర్వపక్షి లేచి, నెలకు యాభై చొప్పున పెరుగుతున్న వరస కళ్లెదుట ఉండగా సగటు పట్టుకు వేలాడటమేమిటి, మేకు 290 వేయవద్దా అంటాడు. సబబుగానే ఉంది. అయితే అదే గీతను ఆపకుండా లాగితే డిసెంబరుకు 640 తేలుతుంది. చలికి ముడుచుకుని పడుకున్న ఇంట్లో 640 యూనిట్లు! నిప్పున్నచోట పొగ ఉంటుందన్న మాట తడి కట్టెలున్నంతవరకే చెల్లుతుందని చెప్పి, తార్కికులైన నైయాయికులు ఆ చాటు షరతుకు ఉపాధి అని పేరు పెట్టారు. మన వరసకు ఉపాధి ఎండ. అది మేలో ఉంది, డిసెంబరులో లేదు. కనుక 290 ఒప్పు, 640 తప్పు; ఈ తేడాను చెప్పింది అంకెలు కావు, ఎండాకాలం సంగతి తెలియడం.

అంకెలే చెప్పే సందర్భాలు లేకపోలేదు. గణితజ్ఞుడు బ్రహ్మగుప్తుడు 665 నాటి ఖండఖాద్యకంలో పదిహేనేసి డిగ్రీలకు ఇచ్చిన జ్యాపట్టికలో (సైన్ పట్టికలో) తేడాలు 39, 36, 31, 24, 15, 5. నడిమి కోణాలకు విలువ కట్టడానికి ఆయన ఈ తేడాలతోపాటు వాటి మధ్య తేడాలనూ లెక్కలోకి తెచ్చాడు. ఎదుగుదల మందగిస్తున్నదనీ తొంభై దగ్గర మలుపు ఉందనీ ఆ వరస ముందే చెబుతోంది. మన 140, 190, 240లో అలాంటి హెచ్చరిక ఏదీ లేదు. పైగా బ్రహ్మగుప్తుడికి అటూ ఇటూ తెలిసిన విలువలున్నాయి, మన బిల్లుకు ఒక ఒడ్డే ఉంది.

మరొక పూర్వపక్షం: తాళం ఉన్నదంటే ఊళ్లో లేరనేగా, సగటు కూడా అన్యాయమేగా? ఇది గట్టి వాదం. అంకె తెలియకుండా చేసిన కారణమే ఆ అంకెను తగ్గించి ఉండవచ్చు. అయినా నిలవదు. రీడింగు పగటిపూట తీస్తారు. ఆలుమగలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంటికి పగలు తాళమే, రాత్రంతా ఏసీయే. పోనీ సున్నా వేస్తే? సున్నా కూడా అంచనాయే, అన్నింటికన్నా నాసిరకపుది.

అసలు చిక్కు జూన్‌లో. తాళం తీశాక రెండో ఒడ్డు దొరుకుతుంది, రెండు నెలల మొత్తం నికరంగా తేలుతుంది. అది 480 అనుకుందాం. మేకు వేసిన 190 తీసేసి మిగతా 290నీ జూన్ నెత్తిన పెడితే కూడికలో తప్పు లేదు, ధరలో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్ల వాడకం 225 దాటిన యూనిట్లకు పై రేటు పడుతుంది. చెరిసగం పంచితే నెలకు 15 చొప్పున 30 యూనిట్లే ఆ రేటుకు వస్తాయి, పంచకపోతే 65. అంచనా వేసినందుకు ఎవరినీ తప్పుపట్టనక్కరలేదు; అసలు సంఖ్య దొరికాక కూడా అంచనానే పట్టుకుని కూర్చోవడం మాత్రం క్షమార్హం కాదు. కాబట్టి తాళం నెల తర్వాత బిల్లు వచ్చినప్పుడు ఆ రెండు నెలల మొత్తాన్ని చదువరులు ఒకసారి రెండుతో భాగించి చూసుకోవలసింది.