జీఎం ఆల్: టీకాతాత్పర్య సహితము

మూలము: జీఎం ఆల్. ఫార్వర్డెడ్. రేపు పొద్దున పదికి 300 టికెట్లు వదుల్తారంట. కింద లింకు ఉండాది. నిజమో కాదో తెల్దు, మనోళ్లకు పనికొస్తాదని పెడతా ఉండా. దండం దండం దండం.

అవతారిక: తిరుపతిలో ఇల్లున్న ప్రతి కుటుంబానికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉంటుంది. అందులో మద్రాసు, బెంగళూరు, డల్లాస్ చుట్టాలుంటారు. వాళ్లందరికీ కావలసింది ఒకటే, దర్శనం. అట్లాంటి గ్రూపులో తెల్లవారుజామున పుట్టిన గద్యమిది. మొన్ననే స్మార్ట్‌ఫోన్ చేతికొచ్చి, చుట్టూ నడిచే మాటలు అంతుబట్టక గమ్మున కూర్చున్న పెదనాయనల కోసం ఈ టీక.

ప్రతిపదార్థము: జీఎం = గుడ్ మార్నింగ్, అనగా నేను లేచినాను, బాగానే ఉండాను; ఆల్ = మాటల్లేని బావమరుదులతో సహా అందరికీ; ఫార్వర్డెడ్ = రాసింది నేను కాదు, తప్పైతే నన్ననొద్దు; రేపు = ఎవరు ఏ రోజు చదివితే దాని మర్నాడు; వదుల్తారంట = ఎవురో అన్నారు, ఆ ఎవురో ఎవురో తెల్దు; లింకు = నొక్కరానిది; నిజమో కాదో తెల్దు = కనుక్కునే ఓపిక లేదు; దండం = కింద చూడుడు.

విశేషము: 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లను టీటీడీ నెలనెలా ఆన్‌లైన్లో, సుమారు మూడు నెలల ముందే వదులుతుంది. అంతవరకు కవి చెప్పింది నిజమే. తేదీ మాత్రం వేయలేదు. ఆడికృత్తికకు పుట్టిన రేపు సంక్రాంతికి కూడా తాజాగా తిరుగుతా ఉంటాది. లింకు సంగతి మరీ ముఖ్యం. దేవస్థానం పేరుతో నకిలీ సైట్లు పెట్టి భక్తుల డబ్బు కాజేసిన కేసులున్నాయి కాబట్టి, టీటీడీ సొంత సైటు తప్ప మరేదీ తెరవరాదు.

కొలచల మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్యానం రాస్తూ మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ముందే మాటిచ్చినాడు. ఆ రెండు నియమాలూ మన గ్రూపులో పెడితే మిగిలేవి పుట్టినరోజు శుభాకాంక్షలే.

బాణ నిర్ణయము: ముక్క పైన వంకర బాణం ఒకటుంటే ఎవరో పంపింది ఇంకొకరు పంపినారని. ఈ గుర్తు 2018లో వచ్చింది. ఆ ఏడే పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారన్న పుకార్లతో దేశంలో అమాయకులను కొట్టి చంపినారు. అందుకే ఒక ముక్కను ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండా ఇక్కడ కట్టడి పెట్టినారు. జంట బాణాలు 2019లో వచ్చాయి. అవి కనిపిస్తే ఆ ముక్క కనీసం ఐదు చేతులు మారిందని అర్థం. ఇంట్లో చిన్నవాళ్లు చెప్పే మాటకంటే జంట బాణాల మాటనే పెద్దలు ఎక్కువ నమ్ముతారు. ఇది ఎందుకో ఏ శాస్త్రంలోనూ లేదు.

దండ ప్రకరణము: జోడించిన చేతుల బొమ్మను అమెరికాలో కొందరు ఇద్దరు మనుషులు అరచేతులు తట్టుకోవడమని వాదించినారు. తిరుపతిలో ఆ వాదం చెల్లదు. ఇక్కడిది దండమే, అర్థాలే వేరు. పొద్దున పెడితే నమస్కారం. అప్పు అడిగిన చోట బతిమలాట. చావుకబురు కింద సంతాపం. ఎలక్షన్ల వేళ రాజకీయం ముదిరినాక పెడితే, నీకో దండం, ఇంక చాలించప్పా అని. ఒకటి మర్యాద, మూడు భక్తి, ఐదు దాటితే కోపం. నవ్వి నవ్వి కన్నీళ్లు కార్చే బొమ్మ వేరు. దాన్ని ఆక్స్‌ఫర్డ్ నిఘంటువువాళ్లు 2015లో ఆ ఏటి మాటగా ఎంచినారు. చావుకబురు కింద దాన్ని పెట్టిన పెద్దాయన ఏడుస్తానే ఉండాడు, కళ్లద్దాలు మరిచినాడు, అంతే.

పాఠాంతరము: తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టినప్పుడు పడినాడు, పాడినాడు ఒకటే రూపం. పెదనాయన అలిపిరి మెట్ల మీద ఏం చేసినాడో గ్రూపుకు తెలిసేలోగా సగం మంది చప్పట్లు, సగం మంది గెట్ వెల్ సూన్ పెట్టేసినారు. దారిలో 3,550 మెట్లుండాయి కాబట్టి రెండు పాఠాలూ గ్రాహ్యమే. ఇంగ్లీషే రాసేటప్పుడు అన్నీ పెద్దబడి అక్షరాలైతే అరిచినట్టు లెక్క. తెలుగుకు ఆ సౌకర్యం లేదు గనక ప్లుతముతో, అనగా అచ్చును సాగదీసి, సరిపెట్టుకుంటాం. ఇక, పంపిన ముక్క పక్కన పడే టిక్కులంటారా, గ్రూపులో అందరూ చదివితే గానీ అవి నీలం కావు. డల్లాస్‌లో నిద్రపోయే మేనల్లుడి పుణ్యమా అని, మనం చూసి కూడా పలకలేదన్న సంగతి సగం రోజు దాగుతుంది.

శంక: ఈ ముక్క పాతదని తెలిసినవాడు ఏం చెయ్యాల?

సమాధానము: అందరి ముందర అనరాదు. పెట్టినాయన వయసులో పెద్ద. విడిగా ఫోన్ చేసి, "మామా, అది పోయినేటిది, తీసేయండి" అనాల. ఆయన ముందు "నాకొచ్చింది, నేను పెట్నా, నాదేముండాదప్పా" అంటాడు. తర్వాత మెత్తబడి, ముక్కను అదిమిపట్టి, డిలీట్ ఫర్ ఎవ్రీవన్ పక్కన పెట్టి డిలీట్ ఫర్ మీ నొక్కుతాడు. తన ఫోన్లో పోయింది గదా, లోకంలోనూ పోయిందని కాఫీకి పోతాడు.