చందా కట్టండి, చందమామ కొనండి

పాత చందమామలు పోగుచెయ్యాలన్న కోరిక పుట్టగానే చాలామంది తిన్నగా బెజవాడ ఏలూరు రోడ్డు మీదికి పోయి, పాత పుస్తకాల కొట్టు ముందు గొంతుక్కూచుని, దుమ్ము దులుపుకుంటూ వెతుకుతారు. శుద్ధ పాతకాలపు పద్ధతి. మీరు అలా చెయ్యకండి. పుస్తకాన్ని ముట్టుకోకముందే ధరల సమాచారం కొనండి. ఏ కామిక్ పుస్తకం ఏ రోజున ఎంతకు అమ్ముడుపోయిందో పట్టికలేసి, గీతలు గీసి చూపించి, నెలనెలా చందా పుచ్చుకునే సంస్థలు అమెరికాలో ఉన్నాయి. వాటిలో తెలుగు చందమామ ఊసే ఉండదని ఎవరో అంటారు. అంటే అననివ్వండి. ఉంటే అందరూ కట్టేవాళ్లు, అప్పుడిక మీ గొప్పేముంది?

అక్కడి వ్యవహారం ఎలా నడుస్తుందో కాస్త చెప్పాలి. 1970లో ఓవర్‌స్ట్రీట్ అనే ఆయన కామిక్ పుస్తకాల ధరల పట్టికను అచ్చేశాడు. 2000లో సీజీసీ అనే కంపెనీ వచ్చింది. మన పుస్తకం వాళ్లకు పంపితే పేజీలు లెక్కబెట్టి, మరకలూ మడతలూ అతుకులూ చూసి, పదికి ఇన్ని అని మార్కులు వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి సీలు వేసి తిప్పి పంపుతారు. ఇక దాన్ని చదవడం ఎవరి తరమూ కాదు. చదవడం కుదరదు కాబట్టి నలగదు, నలగదు కాబట్టి 9.4 మార్కుల పుస్తకం డాలస్‌లో ఉన్నా డెట్రాయిట్‌లో ఉన్నా ఒకటే సరుకు. ఒకటే సరుకు వందలసార్లు చేతులు మారితే ధరలకో చరిత్ర ఏర్పడుతుంది. ఆ చరిత్రనే వాళ్లు అమ్ముతారు. సూపర్‌మ్యాన్ మొట్టమొదట కనిపించిన 1938 నాటి యాక్షన్ కామిక్స్ తొలి సంచిక, 8.5 మార్కుల ప్రతి, 2024 ఏప్రిల్‌లో 60 లక్షల డాలర్లు పలికింది. మీరు ఈ ఒక్క అంకె గుర్తుపెట్టుకుంటే చాలు. దాన్ని రూపాయల్లోకి మార్చి, సూపర్‌మ్యాన్‌కీ బేతాళుడికీ ఉన్న వయసు తేడా తీసేస్తే మన చందమామ ధర దానంతటదే తేలుతుంది.

గుంటూరు మిర్చి యార్డులో ధర తెలుసుకుని అమ్ముకునే రైతును చూసి మీరు కంగారు పడొచ్చు. అక్కడ ఒకే రకం తేజ కాయ ఒకే రోజున వేల టిక్కీలు అమ్ముడవుతుంది. కాబట్టి ఆ ధరకు ఒక అర్థముంది, రేపటికి పనికొస్తుంది. అట్ట ఊడని 1961 నాటి చందమామ ఒకటి ఏడాది మొత్తం మీద ఒకే ఒక్కసారి చేతులు మారిందనుకోండి. నిరాశ పడకండి. ఒక్క అమ్మకానికి లెక్క కట్టడం ఎంత సుఖమో చూడండి: గరిష్ఠం, కనిష్ఠం, సగటు మూడూ ఒకటే. ఇంత నిలకడ మిర్చికి ఏనాడైనా ఉందా?

ఇక సరుకు సంగతి. చందమామ 1947 జులైలో మద్రాసులో పుట్టిందిగాని బుర్ర తెనాలిదే. నాగిరెడ్డిగారితో కలిసి దాన్ని మొదలుపెట్టిన చక్రపాణి తెనాలివారు. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా దాన్ని నడిపిన కొడవటిగంటి కుటుంబరావూ తెనాలివారే. కనుక డెల్టాలో చందమామ ఎక్కని అటకలు తక్కువ. ఎటొచ్చీ మనవాళ్లు దాచిన తీరే వేరు. ఏడాది తిరగ్గానే 12 సంచికలూ మూటగట్టి బైండింగుకు ఇచ్చేవారు. బైండరు మొదట పిన్నులు పీకేవాడు. తరవాత చాలా చోట్ల అట్టలు తీసి పక్కన పారేసేవాడు, ప్రకటనల పేజీలు కూడా. ఆ పైన మూడు వైపులా అంచులు సమంగా కోసేవాడు. వడ్డాది పాపయ్యగారు ఒళ్లు మరిచి వేసిన ముఖచిత్రం చిత్తుకాగితాల్లోకి పోయి, దాని చోట గళ్ల కాగితం అతికించిన గట్టి అట్ట వచ్చేది. వీపున ఇంటి యజమాని పేరు. లోపలి పేజీలో ‘చదివి తిరిగి ఇవ్వగలరు’ అని రబ్బరు ముద్ర. చిత్రకారుడు శంకర్ వేసిన రాకుమారికి ఎవరో పెన్సిలుతో పెట్టిన మీసాలు. కొందరైతే ఏడాది బైండుతో తృప్తిపడక, దాసరి సుబ్రహ్మణ్యంగారి సీరియల్ ‘తోకచుక్క’నో ‘మకరదేవత’నో నెలనెలా చింపి విడిగా కుట్టించేవారు. అలా చింపగా మిగిలిన సంచికలు ఎక్కడున్నాయో అవీ ఎవరో ఒకరు అమ్ముతూనే ఉంటారు.

వీటికి పదికి ఎన్ని మార్కులు? సీజీసీవాళ్లకు పంపి అడిగేకంటే మీరే వేసుకోవడం మేలు. మీసాలకు అర మార్కు తగ్గించండి, మీసాలు బాగా కుదిరితే వదిలెయ్యండి. అంచులు కోసేసిన బైండుకు 9.2 వేసి, పట్టికలో 9.2 పలికిన ధర దాని మీద రాసుకోండి. కొందరు పుస్తకం చేతికి రాగానే అట్ట ఉందా, పేజీల వరస తప్పిందా, చివర ఫోటో వ్యాఖ్యల పోటీ పేజీ మిగిలిందా, చెదలు ఎందాకా వెళ్లింది అని విప్పి చూస్తారు. అవన్నీ చూడ్డానికి 5 నిమిషాలు పడుతుంది, పైసా ఖర్చుండదు. ఖర్చులేని పనికి విలువేముంటుంది?

అమ్మిన ధర దొరక్కపోతే అడిగిన ధర తీసుకోండి. మూడేళ్లుగా ఇంటర్నెట్‌లో ఒకాయన ఒక బైండుకు 40 వేలు అడుగుతున్నాడనుకుందాం. మూడేళ్లుగా అది అక్కడే ఉందంటే కొనేవాడు లేడని లోకం అనుకుంటుంది. మీరు మాత్రం ధర మూడేళ్లుగా తగ్గలేదని రాసుకోండి. సంక్రాంతికి అమెరికా నుంచి వచ్చిన కుర్రాడు, అమ్మమ్మ ఊళ్లో చదివిన సంచికే కంటబడేసరికి గొంతు పూడుకుపోయి, బేరమాడకుండా ఇచ్చిన డబ్బు కూడా మార్కెట్ ధర కిందే జమ. ఆ కుర్రాడు మళ్లీ వచ్చేది మూడేళ్లకేగదా అన్న ప్రశ్న అనవసరం.

కొట్టాయన్ని మాత్రం ఏదీ అడగకండి. ఆయనకు తెలిసింది చాలా ప్రమాదకరం. మచిలీపట్నంలో ఏ పాత ఇల్లు పడగొడుతున్నారో, గుడివాడలో ఏ పెద్దాయన పోయాక పిల్లలు పుస్తకాలన్నీ కాటా మీద పెట్టించారో, అందులో ఏవి కిలోల్లెక్కన రావలసినవి కావో ఆయనకు ముందే కబురందుతుంది. ఆయన దగ్గర కూచుని రెండు టీలు తాగితే ఏడాది చందాకు దొరకనిది దొరికిపోతుంది. అందుకే ఫోను తీసి ఆయన ముఖం ముందు పెట్టాలి.

“బాబాయ్ గారూ, ఇదిగో చూడండి. లెక్క ప్రకారం దీని సగటు ధర 6 వేలు.”

“అలాగా బాబూ! ఆ 6 వేలిచ్చే వాడెవరో కాస్త ఇటు పంపు. అలాంటివి లోపల ఇంకో 20 ఉన్నాయి.”

ఇలాంటి జవాబు వస్తే ఆయనకు ఆర్థిక శాస్త్రం తెలియదని సరిపెట్టుకుని వచ్చెయ్యండి.

ఏం కొనాలన్నదానికి వస్తే, అందరూ దాస్తున్నదే కొనండి. 1992 నవంబరులో అమెరికాలో సూపర్‌మ్యాన్ చచ్చిపోయాడు. ఆ చావున్న సూపర్‌మ్యాన్ కామిక్ 75వ సంచికను నల్ల ప్లాస్టిక్ సంచిలో పెట్టి అమ్మితే, జనం లక్షల్లో కొని, సంచి విప్పకుండా బీరువాల్లో దాచారు. పిల్లల చదువులకు అక్కరకొస్తుందని. అందరూ దాచారు కాబట్టి ఈనాటికీ అందరి దగ్గరా ఉంది, కొనేవాడే లేడు. సూపర్‌మ్యాన్ కూడా కొన్నాళ్లకే బతికొచ్చాడు. దీనికి సరిగ్గా వ్యతిరేకంగా, బెజవాడలోనే అచ్చయి, స్టేషను బుక్‌స్టాల్లో అమ్ముడై, అద్దె పుస్తకాల కొట్లలో నూరు చేతులు మారి, ఆఖరికి పకోడీ పొట్లాలైన పాకెట్ సైజు డిటెక్టివ్ నవలలున్నాయి. వాటిని దాచినవాళ్లు అరుదు. అట్ట చిరగనిది ఒకటి కనపడిందంటే నిజంగా అరుదైన సరుకన్నమాట. కొనకండి. ఏ పట్టికలోనూ దానికి ధర లేదు.

కొన్నవి ఎలా దాచాలన్న బెంగ వద్దు. మన గాలిలో తేమకు కాగితం బూజుపడుతుంది, కలరా ఉండలు వేసినా వెండిపురుగు తన పని తాను చేసుకుపోతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి బెజవాడ సింగ్ నగర్ వైపు ఇళ్లలో నీళ్లు రోజుల తరబడి నిలిచాయి. నేల మీద పెట్టిన పుస్తకానికి అలాంటి నీళ్లలో గతేమవుతుందో చెప్పక్కర్లేదు. చందా డబ్బుతో ఒక ఇనుప బీరువా కొని, కింద నాలుగు ఇటుకలు పెట్టుకోవచ్చు కదా అని ఇంట్లోవాళ్లు అంటారు. బీరువా గీతలు గీసి చూపించదని చెప్పండి.

లెక్కల మనిషి ఒకడు ప్రతి ఇంట్లోనూ ఉంటాడు. నెలకు వెయ్యి చొప్పున ఏడాదికి 12 వేలు చందా, మీ పుస్తకాల పెట్టె మొత్తం విలువ 8 వేలు అని వాడు కాగితం మీద వేసి చూపిస్తాడు. పెట్టెలో ఇంకో 4 వేల రూపాయల పుస్తకాలు చేర్చి వాడి నోరు మూయించవచ్చు. ఈబేలో అమ్ముడైనవి మాత్రమే చూపించమంటే గత 3 నెలలవి ఉత్తినే చూపిస్తుందనీ, హెరిటేజ్ వేలం సంస్థ పాత ధరలు పేరు నమోదు చేసుకుంటే చాలు చూడనిస్తుందనీ, కేవలం చదువుకోవడానికైతే పాత చందమామల స్కానులు ఇంటర్నెట్‌లో కావలసినన్ని ఉన్నాయనీ కూడా వాడే చెబుతాడు. ఇవన్నీ నిజాలే కాబట్టి వాదన పెంచకండి.

ఒక్క మనిషితో మాత్రం జాగ్రత్త. న్యూజెర్సీలోనో డాలస్‌లోనో ఉంటూ, సీలు వేసిన అమెరికన్ కామిక్స్ నెలకు పది కొని పది అమ్మే తెలుగువాడు మీకు తగలొచ్చు. వాడికి ఈ చందా ఒక్క బేరంలో తిరిగొస్తుంది, ఎందుకంటే వాడు అమ్మే సరుకూ పట్టికలోని సరుకూ ఒకటే. పైగా ఆ దుర్మార్గుడు బేరాలున్న నెలలో కట్టి, లేని నెలలో మానేస్తాడు. వాడిలా మీరు మానకండి. ఏకంగా ఏడాదికి కట్టండి. గడువు తీరగానే డబ్బు దానంతటదే కోసుకునేలా కార్డు నంబరు వాళ్ల దగ్గరే ఉంచండి. సంగతి ఇంట్లో మాత్రం చెప్పకండి.