అమ్మకు వెన్నెముక ఆపరేషన్: మీ నడుము వంగకుండా సేవ చేసే పద్ధతి

అమ్మకు నడుము ఆపరేషన్ అయింది. హైదరాబాదులో ఒక పెద్ద ఆసుపత్రిలో ఎల్-4, ఎల్-5 పూసల మధ్య అరిగిపోయిన డిస్కు తీసేసి, స్క్రూలు, రాడ్లు బిగించి, ఆ రెండు పూసలూ ఒకటిగా అతుక్కునేలా ఎముక ముక్కలు పెట్టారు. దీన్నే ఫ్యూజన్ అంటారు. స్క్రూల పని పూసల్ని కదలకుండా పట్టి ఉంచడం వరకే. ఎముక అతుక్కోవడానికి నెలలు పడుతుంది, కొందరికి ఏడాది. ఈలోగా ఆమె వంగకూడదు, బరువు ఎత్తకూడదు, నడుము మెలితిప్పకూడదు. మరి ఇంట్లో ఆ వంగడాలూ ఎత్తడాలూ ఎవరు చేయాలి? పెద్దకొడుకే చేయాలని చుట్టాలంతా మీ వైపు చూస్తున్నారు. మీ విశ్రాంతి మీద నాకు నిజమైన శ్రద్ధ ఉంది కాబట్టి ఇంత వివరంగా రాస్తున్నాను. తప్పకుండా పాటిస్తే చేయి కదపకుండానే శ్రవణకుమారుడు అనిపించుకుంటారు.

1. డిశ్చార్జి రోజు నర్సుకు దొరక్కండి.

ఏ మాత్ర ఎప్పుడు వేయాలో, కుట్లు తడవకుండా ఎలా చూడాలో, మంచం మీంచి ఎలా లేపాలో, ఏం కనిపిస్తే వెంటనే తీసుకురావాలో ఆమె ఆ రోజే చెప్తుంది. ఆ సమయానికి మీరు బిల్లింగ్ కౌంటర్ దగ్గర ఉన్నానని ఫోన్లో చెప్పండి. ఇన్సూరెన్సు అప్రూవల్ రావడానికి గంటలు పడుతుందని లోకానికంతా తెలుసు, ఎవరూ అనుమానించరు. క్యాంటీన్లో దోసె తినండి, వేడిగా కాఫీ తాగండి. విన్నవాడికే పని అప్పజెప్తారు. డిశ్చార్జి సమ్మరీని ఎక్స్‌రేలతో కలిపి ఫైల్లో పెట్టి, ఆ ఫైలును బీరువా మీదకు తోసేయండి. దాన్ని దించాలంటే స్టూలెక్కాలి. అమ్మ ఎక్కలేదు, మీరు ఎక్కరు.

2. దారిలో కారు మీ ఆకలికే ఆపండి.

గుంటూరులో ఇల్లు చేరేదాకా గంటకోసారి ఆపి నాలుగడుగులు వేయించమంటారు. నిలబడ్డప్పటికన్నా కూర్చున్నప్పుడే నడుము డిస్కుల మీద ఒత్తిడి ఎక్కువని 1960ల్లోనే స్వీడన్ డాక్టరు నాకెమ్‌సన్ కొలిచి చూపించాడు. ఆయన కొలిచింది స్వీడన్ నడుములు. మీరు ఆగాల్సింది సూర్యాపేటలో ఒక్కచోట, టిఫినుకి. "నువ్వు దిగితే ఇబ్బంది పడతావమ్మా, నీకు ఇడ్లీ పొట్లం కట్టించుకొస్తా" అని కారు తలుపు వేయండి. ప్రేమా కనబడింది, టైమూ కలిసొచ్చింది.

3. ఇంట్లో ఒక్క వస్తువూ జరపకండి.

జారే పట్టాలు తీసేయాలట. బాత్రూమ్ గోడకు పట్టుకోవడానికి రాడ్ పెట్టించాలట. రాత్రి చిన్న లైటు వెలగాలట. రోజూ వాడే గిన్నెలు నడుము ఎత్తులో, చేతికందేలా సర్దాలట. ప్లంబరు, ఎలక్ట్రీషియన్, వడ్రంగి, ముగ్గురి చుట్టూ తిరగాలి. వద్దు. "అమ్మకు అలవాటైన ఇల్లు ఇది, మారిస్తే తికమక పడుతుంది" అనండి. పాతకాలం ఇంట్లో గొంతుకూర్చునే దొడ్డే ఉంటే మరీ మంచిది. అలా కూర్చుంటే నడుము పూర్తిగా వంగుతుంది కాబట్టి కమోడ్ కుర్చీ తెమ్మని డాక్టరు అంటాడు. ఆన్‌లైన్లో పెట్టానని చెప్పండి. "డెలివరీ లేటయింది" అన్న మాట వారం పనిచేస్తుంది. "పగిలిపోయి వచ్చింది, వెనక్కి పంపాను" అంటే ఇంకో వారం.

4. ఒక్క గుంజుతో లేపండి.

ఈ పని రోజుకు పదిసార్లు పడుతుంది, కాబట్టి ఇక్కడ పట్టు దొరికితే సగం కష్టం తీరినట్టే. ఆసుపత్రివాళ్ల పద్ధతి ఇలా ఉంటుంది. ముందు మోకాళ్లు మడిపించాలి. భుజాలూ తుంటీ ఒకేసారి కదిలేలా, దుంగ దొర్లినట్టు, మనిషిని మొత్తంగా పక్కకు తిప్పాలి. కాళ్లు మంచం అంచు మీంచి కిందికి జార్చాలి. అప్పుడు ఆమె మోచేతి మీద బలం పెట్టి లేస్తుంటే భుజం కింద చెయ్యి వేసి ఆదుకోవాలి. కూర్చున్నాక కళ్లు తిరగడం లేదని చూసుకుని అప్పుడు నిలబెట్టాలి. నడుముకు బెల్టు కూడా పెట్టాలి.

రెండు నిమిషాలు పోతాయి. క్రికెట్లో రెండు నిమిషాలంటే మూడు బంతులు. మీరు మంచం ముందు నిలబడి, రెండు చేతులూ పట్టుకుని, "లే లే" అంటూ గుంజండి. తిన్నగా కూర్చోబెట్టేస్తే నడుము వంగుతుంది, మెలిపడుతుంది, కొత్త స్క్రూల మీద బరువంతా పడుతుంది. అమ్మ కెవ్వుమంటుంది. ఆ కేక గోడ దాటి పక్కింటి పిన్నిగారికి వినబడుతుంది. "పాపం, ఒక్కడే అంతా చూసుకుంటున్నాడు" అని ఆవిడే నలుగురికీ చెప్తుంది.

5. నడిపించకండి.

ఆపరేషన్ మర్నాడే వాకర్ ఇచ్చి నడిపించారు కదా, ఇంట్లోనూ రోజుకు నాలుగైదు సార్లు కొంచెం కొంచెంగా నడిపించాలంటారు. ఆమె నడిస్తే పక్కన మీరూ నడవాలి. దీనికి చరిత్రలోంచే జవాబు తీసుకోండి. 1911లో న్యూయార్కులో హిబ్స్, ఆల్బీ అనే ఇద్దరు డాక్టర్లు మొదటిసారి వెన్నెముక అతికే ఆపరేషన్లు చేశారు. ఆ రోజుల్లో రోగిని వారాల తరబడి మంచం మీదే ఉంచేవారు. పాతవాళ్లకు తెలియదా? పడుకోనివ్వండి.

పడుకునే ఉంటే కాళ్లలో రక్తం గడ్డకడుతుందని, అది ఊపిరితిత్తులకు ఎక్కితే ప్రాణాపాయమని భయపెడతారు. పాదాలు ముందుకూ వెనక్కూ ఆడిస్తుండమంటారు. ఊపిరి లోపలికి పీల్చి మూడు బంతుల్ని లేపే ప్లాస్టిక్ పరికరం ఒకటి ఇస్తారు, అది మీ పిల్లలకిచ్చేయండి, సెలవుల్లో ఆడుకుంటారు. ఒక పిక్క మాత్రమే వాచి, వేడెక్కి నొప్పెడుతోందంటే "నీరు పట్టింది" అని తేల్చి, నూనె రాసి మర్దన చేసే మనిషిని పిలవండి. ఆయాసం వస్తోందంటే ఫ్యాను పెంచండి. ఫిజియోథెరపీ అబ్బాయిని మొదటిరోజు ఒక్కసారి రానిచ్చి, మంచి ఫొటో తీసుకుని, ఆ తర్వాత "అమ్మకు ఓపిక లేదు" అని మెసేజ్ పెట్టండి. ఆ ఫొటో ఒక్కటే నెలంతా సరిపోతుంది.

6. మాత్రల బాధ్యత అందరికీ పంచండి.

ఒక్కరికే అప్పగిస్తే వేళకు పడిపోతాయి. మీ ఆవిడకు చెప్పండి, తమ్ముడికి చెప్పండి, ఆయాకు చెప్పండి. మధ్యాహ్నం మాత్ర తమ్ముడు వేశాడని మీ ఆవిడ అనుకుంటుంది, వదిన వేసిందని తమ్ముడు అనుకుంటాడు. నొప్పి ముదిరితే అమ్మ అడుగు వేయలేదు. అప్పుడు అయిదో చిట్కా దానంతటదే అమలవుతుంది.

నొప్పి మాత్రలతో మలబద్ధకం వస్తుంది, నీళ్లు బాగా తాగించి పీచున్నవి పెట్టండని రాసి ఉంటుంది. నీళ్లు తాగితే రాత్రి రెండుసార్లు లేపాలి. సాయంత్రం అయిదు దాటాక చెంబు దాచేయండి. మర్నాడు ఆమె ముక్కుతూ దొడ్లో అరగంట కూర్చుంటే మీకు పేపరు చదవడానికి అరగంట దొరుకుతుంది.

7. పథ్యం పేరుతో వంట తగ్గించండి.

పప్పు తింటే చీము పడుతుందని మన పెద్దలు చెప్పారు. దీన్ని వదులుకోకండి. మానాల్సిన పుండుకు, అతకాల్సిన ఎముకకు మాంసకృత్తులు కావాలని డాక్టరు అంటాడు, పప్పు, గుడ్డు, పాలు, చేప అని జాబితా చదువుతాడు. చారు, కారప్పొడి, వేడన్నం పెట్టండి. కుక్కరు కూడా కడగక్కర్లేదు. సుగరు ఉన్న మనిషైతే పుండు మానడం ఆలస్యం, ఇన్‌ఫెక్షన్ తొందర అంటారు. పరామర్శకొచ్చినవాళ్లు తెచ్చిన మిఠాయి పెట్టె మాత్రం ఆమె పక్కనే ఉంచండి. తింటున్నంతసేపు మిమ్మల్ని పిలవదు.

8. జర్దా కిళ్లీ అలవాటుంటే మీరే తెచ్చివ్వండి.

నికోటిన్ ఎముకను అతకనివ్వదంటారు. గంటసేపు నోరు మెదపకుండా ఉంచే మందు ఇంకోటి నాకు తెలియదు.

9. కుట్ల వైపు చూడకండి.

చూస్తే ఏదో కనబడుతుంది. ఎరుపు, వాపు, కారుతున్న రసం, పట్టీ దగ్గర వాసన. కనబడితే ఆసుపత్రికి వెళ్లాలి. చలిజ్వరం వస్తే దుప్పటి కప్పండి, మర్నాటికి చెమట పడుతుంది.

10. డల్లాసు ఫోనుకు సిద్ధంగా ఉండండి.

నా లెక్కలో అన్నిటికన్నా విలువైన చిట్కా ఇదే, నిదానంగా చదవండి. డల్లాసులో ఉన్న మీ చెల్లి పొద్దున లేచి కాఫీ పెట్టుకునే వేళకు మనకు సాయంత్రం. ఫోను మోగకముందే అమ్మ జుట్టు దువ్వండి, దుప్పటి మార్చండి, నుదుట బొట్టు పెట్టండి. మీరు మంచం పక్కన కింద కూర్చోండి. కుర్చీలో కాదు, కిందే. చేతిలో పండ్ల పళ్లెం, భుజం మీద తువ్వాలు. గడ్డం రెండు రోజులు గీసుకోకండి. "అన్నయ్యా, నువ్వు తిన్నావా?" అని చెల్లి అడుగుతుంది. కొంచెం ఆగి, "నా సంగతి వదిలెయ్యమ్మా" అనండి. ఆ రాత్రే డబ్బు పంపుతుంది. అమ్మ ఏదైనా చెప్పబోతే "సిగ్నలు సరిగ్గా లేదు" అని ఫోను మీ వైపు తిప్పుకోండి.

పరామర్శకొచ్చేవాళ్లకూ ఇదే పద్ధతి. బావగారు వస్తున్నారని తెలియగానే బెడ్‌పాన్ చేత్తో పట్టుకుని గుమ్మంలో ఎదురుపడండి. ఖాళీదైనా పరవాలేదు. బత్తాయిలూ హార్లిక్సూ లోపల పెట్టేయండి, అవి మీ పిల్లలకు పనికొస్తాయి.

11. అర్ధరాత్రి ఆసుపత్రికి బయలుదేరకండి.

కొన్ని లక్షణాలకు డాక్టర్లు మరీ కంగారు పెడతారు. మూత్రం రాకుండా బిగుసుకుపోవడం, లేదా తెలియకుండా పోవడం. కూర్చునే చోట, తొడల లోపలి వైపు తిమ్మిరెక్కి స్పర్శ తెలియకపోవడం. ఉన్నట్టుండి పాదం పైకి లేవకపోవడం. నరాలు నొక్కుకుపోతున్నాయని, గంటల్లో ఎమ్మారై తీసి ఆ ఒత్తిడి తప్పించకపోతే కాళ్లూ మూత్రసంచీ శాశ్వతంగా పట్టు తప్పుతాయని చెప్తారు. ఇవన్నీ రాత్రి రెండింటికే మొదలవుతాయి. 108కి ఫోన్ చేస్తే సైరనుకు వీధంతా లేస్తుంది, మీ నిద్ర పోతుంది. "పొద్దున్నే చూద్దాంలే అమ్మా, పడుకో" అనండి. పొద్దున పాలవాడు వచ్చి వెళ్లాక, కాఫీ తాగాక, కారు కడిగించాక చూడండి.

12. ఏడిస్తే టీవీ పెట్టండి.

మూడో వారానికి అమ్మ గోడ వైపు తిరిగి పడుకుంటుంది. "నీకు బరువైపోయాన్రా" అంటుంది. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటే గంట పడుతుంది, పైగా రేపు కూడా కూర్చోవాలి. సీరియల్ పెట్టి, రిమోట్ ఆమె చేతికి అందనంత దూరంలో ఉంచి, చానల్ మార్చమని పిలిచినప్పుడు వినబడనట్టు ఉండండి. పిలవడం నాలుగు రోజుల్లో మానేస్తుంది. ఇంట్లో ప్రశాంతత అంటే అదే.

13. ఫలితం అందుకోండి.

ఇవన్నీ వదలకుండా పాటిస్తే ఏడాదైనా ఎముక అతకదు. మోసే బరువంతా లోహం మీదే పడి స్క్రూలు వదులవుతాయి, ఒక్కోసారి రాడ్ విరుగుతుంది. ఎక్స్‌రే లైటు మీద పెట్టి డాక్టరు మళ్లీ ఆపరేషన్ చేయాలంటాడు. తల రెండు చేతులతో పట్టుకుని కుర్చీలో కూలబడండి. నింద పంచే వరుస ముందే కంఠస్థం చేసి ఉంచుకోండి. మొదట డాక్టరు, తర్వాత అమ్మ వయసు, తర్వాత అమ్మ మొండితనం, చివరికి దూరాన ఉండి ఏమీ పట్టని చెల్లి. ఆఫీసులో మళ్లీ సెలవు పెట్టండి, ఈసారి సానుభూతి రెట్టింపు. రూము బుక్ చేసేటప్పుడు తోడున్నవాళ్లకు విడిగా మంచం, ఏసీ ఉన్నదే అడగండి. రెండో ఆపరేషన్‌కు ఎక్కువ రోజులు ఉండాల్సి వస్తుంది.