నలభై నిమిషాల్లో వెయ్యేళ్లు

“నలభై నిమిషాలు! సరిగ్గా నలభై!” మైకులో అరిచాడు మా టూర్ మేనేజర్. ఊరి వయసు వెయ్యేళ్ల పైమాటే. మనసులోనే భాగహారం చేశాను. శతాబ్దానికి నాలుగు నిమిషాలు. యూరో వేస్తే తప్ప తెరుచుకోని బాత్రూమ్ ముందు క్యూలో ఎనిమిది నిమిషాలు నిలబడ్డాం. రెండు శతాబ్దాలు అక్కడే ఖర్చయిపోయాయి.

ఇటలీలో నేపుల్స్‌కి దక్షిణాన ఉన్న అమాల్ఫీ తీరం ఇది. “ఒక్క రోజులో మూడు మధ్యయుగపు పట్టణాలు” అని మా ప్యాకేజీ. 19వ శతాబ్దంలో రోడ్డు పడేదాకా ఈ ఊళ్లకి పడవ మీద రావాలి, లేదా కంచరగాడిదలు నడిచే కొండ మెట్లు ఎక్కి దిగాలి. ఇప్పుడు రోడ్డుంది గానీ బస్సుల కింద అది కనపడదు. తిరుమల ఘాట్‌లో నయం, ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు. ఇక్కడ రెండూ ఒకటే. మలుపులో రెండు బస్సులు ఎదురుపడితే డ్రైవర్లిద్దరూ చేతులతో మాట్లాడుకుంటారు. ఇటాలియన్ ముక్క రాని మాక్కూడా అర్థమైంది.

మొదటి పట్టణం పోసిటానో. “కుడి పక్క చూడండి” అన్నాడు మేనేజర్. ఎడమ పక్క సీట్లవాళ్లకి కొండరాయి దక్కింది. పోసిటానో అయిపోయింది.

అమాల్ఫీలో మాత్రం నిజంగానే దిగాం, ఆ నలభై నిమిషాల కోసం. ఒకప్పుడు ఇది ఉత్త ఊరు కాదు. 9వ శతాబ్దంలో నేపుల్స్ నుంచి విడిపడి, కాన్‌స్టాంటినోపుల్ దాకా ఓడలు నడిపిన గణతంత్రం. 1343లో తుఫానొచ్చి రేవునీ, ఊరి కింది భాగాన్నీ సముద్రంలో కలిపేసింది. అప్పట్లో వీళ్ల ఓడలు దేశాలు తిరిగి డబ్బు తెచ్చేవి. ఇప్పుడు దేశాలే డబ్బు పట్టుకుని వస్తున్నాయి. ఓడ ఖర్చు కూడా మిగులు.

చర్చికి అరవై రెండు మెట్లు. పైన కంచు తలుపులు, 11వ శతాబ్దంలో కాన్‌స్టాంటినోపుల్‌లో పోతపోసినవి. మా బృందం అంతా ఆ తలుపులకి వీపు చూపించి ఫొటోలు దిగింది. లోపల సెయింట్ ఆండ్రూ అస్థికలున్నాయి. “1208లో కాన్‌స్టాంటినోపుల్ నుంచి తెచ్చారు” అన్నాడు గైడు. నాలుగో క్రూసేడులో ఆ నగరాన్ని కొల్లగొట్టిన నాలుగేళ్లకి తెచ్చారన్నమాట. “1135లో, 1137లో పిసా వాళ్లు మమ్మల్ని దోచుకున్నారు” అన్నాడు అదే గైడు, అదే గొంతుతో. మనకొస్తే తేవడం, మనది పోతే దోచడం. ఈ వ్యాకరణానికి అనువాదం అక్కర్లేదు.

రేవు దగ్గర ఫ్లావియో జోయా విగ్రహం ఉంది. దిక్సూచి కనిపెట్టాడని ఊరివాళ్ల గర్వం. అసలు అలాంటి మనిషే పుట్టలేదని చరిత్రకారుల అనుమానం. సరిగ్గా ఆయన పాదాల దగ్గరే మేం తలలు లెక్కపెట్టుకున్నాం. ఒకటి తక్కువొచ్చింది. మా బావగారు!

ఆయనది గూడూరు. నిమ్మతోటల్లో పెరిగిన మనిషి. ఈ ఊళ్లో నిమ్మకాయ లేని వస్తువు లేదు. సబ్బు మీద, పళ్లెం మీద, ఏప్రాన్ మీద, సీసాలో సారాయిగా కూడా అదే. మా అక్క పింగాణీ నిమ్మకాయ ఒకటి కొంది. ఆ ధరకి గూడూరులో బస్తా వచ్చేదేమో.

“ఈయన్ని నమ్ముకుని విదేశాలకి రావడం నాది బుద్ధి తక్కువ” అని అక్క అంటుండగా, యాభై ఐదు నిమిషాలకి వచ్చాడు, చెమటలు కక్కుతూ. “ఏవోయ్, పైన తోటలు చూశావా? కొండని మెట్లు మెట్లుగా చెక్కి, రాతి గోడలు కట్టి, చెస్ట్‌నట్ కర్రల పందిళ్లు వేశారు. కోసిన కాయ భుజాన మోసుకుని దించాలిట. పాపం, కూలి గిట్టుతుందంటావా?”

“టైమైపోయింది, మూడో పట్టణం రావెల్లో రద్దు” అన్నాడు మేనేజర్. బస్సంతా బావగారి వంక చూసింది. 1880లో రావెల్లోలో రుఫోలో విల్లా తోట చూసి, తన పార్సిఫాల్ ఒపేరాలోని మాయాతోట దొరికిందని మురిసిపోయాడు వాగ్నర్. ఆయన మా బస్సులో రాలేదు.

పాపం మేనేజర్ మంచివాడే. రావెల్లో ఫొటోలు పది వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. నేపుల్స్ చేరేలోగా అవి అందరి స్టేటస్‌లలోకీ ఎక్కాయి. “సూపర్”, “ఎంజాయ్”, “మమ్మల్నీ తీసుకెళ్లాల్సింది” అంటూ వానలా కురిశాయి మెసేజులు. మా ఆవిడా పెట్టింది. నేనూ పెట్టాను.

బావగారు మాత్రం తను తీసిన ఒకే ఒక్క ఫొటో పెట్టాడు. అందులో సముద్రం లేదు, చర్చి లేదు, అక్క అసలే లేదు. రెండు కర్రలు కలిపి కట్టిన ముడి. దానికి గూడూరు నుంచి ఒక్కటే జవాబు వచ్చింది.

“ఆ కర్ర మన దగ్గర దొరుకుద్దా?”