గ్రీకు ద్వీపానికి పాతబస్తీ దారి

ఫోన్‌లో సాంటోరిని ఫొటో చూశారు. తెల్లటి ఇళ్లు, నీలి గుమ్మటాలు, కింద సముద్రం. వెళ్లాలని తీర్మానించుకున్నారు. హైదరాబాద్ పాతబస్తీ వాసులు ఇక చేయాల్సిన పనులివీ.

1. నెల ఎంచుకోండి. మే బాగుంటుంది, కానీ పెళ్లిళ్లున్నాయి. జులైలో లాల్ దర్వాజా సింహవాహిని అమ్మవారి బోనాలు. ఆ తర్వాత గణపతి, బతుకమ్మ, దసరా. చలికాలంలో తీరిక దొరుకుతుంది, కానీ అప్పుడు ద్వీపంలో చాలా హోటళ్లు మూసేస్తారు. ఇంట్లో పెద్దావిడను అడగండి. "పోతే పోండ్రి, బోనం ఎవరు ఎత్తుతరు?" అంటుంది. ఆ ప్రశ్నకు జవాబు దొరికిన నెలలో టికెట్లు కొనండి.

2. వీసా ఫైలు కట్టండి. గ్రీస్ షెంగెన్ దేశం. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టవచ్చు, 15 రోజుల కంటే ఆలస్యం చేయకూడదు. పెద్దవాళ్లకు 90 యూరోల ఫీజు. వీసా రాకపోయినా ఆ డబ్బు మాత్రం రాదు. 30,000 యూరోల వైద్య బీమా, బ్యాంకు స్టేట్‌మెంటు, సెలవు లేఖ, హోటల్ బుకింగు కావాలి. మీరెందుకు వస్తున్నారన్న దానికన్నా తిరిగి పోతారా లేదా అన్నదే వీసా అధికారుల బెంగ. శాలిబండలో మూడు తరాలుగా వాటాలు తేలని ఇంటి కాగితాలు జతచేయండి. అంతకన్నా గట్టి రుజువు లేదు. తన వాటా అన్నదమ్ములకు వదిలేసి గ్రీసులో ఉండిపోయే మనిషి ఇంకా పుట్టలేదు.

3. ఒంటికి తర్ఫీదు ఇవ్వండి. సాంటోరినిలో పాత రేవు నుంచి ఫిరా ఊళ్లోకి 588 మెట్లు. గాడిదలున్నాయి, కానీ 2018 నుంచి వాటి మీద 100 కిలోలకు మించి బరువు వేయకూడదు. బిర్యానీ ప్రియులు ముందే తూకం చూసుకోవాలి. చార్మినార్ మెట్లు 149. అక్కడ మొదలుపెట్టండి. ఓయా గ్రామంలో సూర్యాస్తమయం చూడటానికి వచ్చే గుంపంటే భయమా? చాంద్ రాత్ నాడు లాడ్ బజార్‌లో గాజులు కొని, వేసుకెళ్లిన చెప్పులతోనే ఇంటికి చేరినవాళ్లకు ఆ గుంపు ఓ లెక్క కాదు.

4. చుట్టాలకు కారణం చెప్పండి. "అక్కడ మనోళ్లెవరున్నరు?" అని అడుగుతారు. చార్మినార్ పక్కన నిజామియా యునానీ దవాఖానా ఉంది కదా, అక్కడి హకీములు బుఖ్రాత్ అని తలుచుకునే ప్రాచీన వైద్యుడు హిప్పోక్రటీస్ పుట్టింది గ్రీకు ద్వీపం కోస్‌లోనే అనండి. యాత్రకు గౌరవం వస్తుంది. మోకాళ్ల నొప్పుల మేనత్త కూడా పెట్టె సర్దుకుంటుంది. కోస్ వేరు, సాంటోరిని వేరు అన్న సంగతి ఓడెక్కాక చెప్పండి.

5. తిండి సర్దండి. యూరప్‌లోకి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్లనివ్వరు. మటన్ పచ్చడి, నెయ్యి డబ్బా, పాలకోవా ఇంట్లోనే వదలండి. ఈ మాట మేనత్తకు చెప్పే బాధ్యత పిల్లలకు అప్పగించండి.

6. ద్వీపాన్ని ఆస్వాదించండి. ఏథెన్స్ పక్కన పిరేయస్ రేవులో ఓడెక్కితే ఐదు నుంచి ఎనిమిది గంటల ప్రయాణం. కొండ అంచున నిలబడి చూసే ఆ నీలి సముద్రం నిజానికి ఓ అగ్నిపర్వతం కుంగిన గొయ్యి. సుమారు 3,600 ఏళ్ల కిందట అది ఘోరంగా పేలింది. 2025 ఫిబ్రవరిలో వరసగా భూమి కంపిస్తే వేలమంది ద్వీపం వదిలి వెళ్లారు. ఈ రెండు సంగతులూ మేనత్తకు హైదరాబాద్ చేరాకే చెప్పండి.

7. గడువు లోపల తిరిగి రండి. వీసా తేదీ ఒక్కరోజు దాటినా మళ్లీ వీసా దొరకడం కష్టం. అంతకన్నా పెద్ద ప్రమాదం శాలిబండలో ఉంది: మీరు లేనప్పుడు అన్నదమ్ములు ఇంటి వాటాలు తేల్చేసుకుంటారు.