సైబీరియా సంబంధం

శరదృతువు రాగానే తెలుగువాళ్లకు సైబీరియా గుర్తొస్తుంది. ఏ చెరువుగట్టున ఏ కొంగ వాలినా సరే, అది సైబీరియా నుంచి వచ్చిందే. దారిలో ఎక్కడా దిగదు, ఎవర్నీ పలకరించదు, తిన్నగా మన మండలానికే వస్తుంది.

శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గరి తేలినీలాపురానికి ఈ విషయంలో పట్టింపు మరీ ఎక్కువ. సెప్టెంబరు వచ్చిందంటే చాలు, గూడబాతులూ, తోక దగ్గర గులాబీరంగు పూసుకున్నట్టుండే పెద్ద కొంగలూ ఊరి చెట్ల మీద కాపురం పెడతాయి. నౌపడా ఉప్పునేలల వైపు పోయి చేపలు తెచ్చి పిల్లల్ని సాకుతాయి. ఎండలు ముదిరేలోగా ఎగిరిపోతాయి. పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలంటారు ఊరివాళ్లు. ఆ ఆడపిల్లల కిందుగా గొడుగు లేకుండా నడవడం మాత్రం క్షేమం కాదు. వాసన సంగతి రాయను. టిఫిన్ చేస్తూ చదివేవాళ్లుంటారు.

నా వెంట వచ్చిన బావమరిదికి ఒక దుర్భిణీ, నిజం చెప్పే జబ్బూ ఉన్నాయి. చెట్టు కింద కూర్చున్న ముసలాయనతో అనేశాడు: "తాతా, ఇవి సైబీరియావి కావు. చలికాలం గడపడానికి అక్కణ్నుంచి దిగే పిట్టలు ఇక్కడ గూడు కట్టవు. వెనక్కెళ్లి సొంతూళ్లోనే గుడ్లు పెడతాయి. ఇక్కడే పొదుగుతున్నాయంటే ఇవి మన దేశపు పక్షులే. నీళ్లూ చేపలూ ఎక్కడుంటే అక్కడికి మకాం మారుస్తాయి, అంతే."

అల్లుడు అమెరికాలో ఉన్నాడని ఊరంతా చాటుకున్నాక, కాదు గాజువాకలోనే ఉన్నాడని ఎవరో బయటపెడితే మామగారి మొహం ఎలా ఉంటుందో, తాత మొహం అలా అయింది.

"పాస్‌పోర్టు చూసినావేటి బాబూ?" అన్నాడు.

శాస్త్రం బావమరిది పక్షానే ఉంది. కానీ ఐదు కిలోల పక్షి, మనిషి పొడుగును మించిన రెక్కలు చాచి నెత్తిమీంచి పోతుంటే, దానికి పక్క జిల్లా అడ్రసు రాయడానికి నాకే మనసొప్పలేదు.

బావమరిది ఊరుకుంటేగా! పెంటకుప్ప పక్కన తోకాడిస్తూ పురుగులేరుకుంటున్న జిట్టంగిని చూపించాడు. ఇరవై గ్రాములు తూగితే గొప్ప.

"అసలు ఫారిన్‌ది అదిగో! హిమాలయాల అవతల, సైబీరియా దాకా వాటి ఊళ్లున్నాయి. ఏటా చలికాలానికి ఇంతదూరం వస్తాయి."

దాన్ని ఆడపిల్లన్నవాళ్లు లేరు, దాని పేర బోర్డూ లేదు. ఆ క్షణంలో ఓ కోడి కూడా దాన్ని తరుముతోంది.

తాత కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"సైబీరియాదా? మరి అంతలా సిక్కిపోనాదేటి? ఆ దేశంలో తిండి నేదా?"